‘మా ఊరతను’ అని చెప్పాను, కానీ ఆయన మా నాన్న

ప్రశ్న:

మేడమ్‌కి నమస్తే. నేను విశాఖపట్నంలో బీటెక్ థర్డ్ ఇయర్ చదువుతున్నాను. మాది పార్వతీపురం దగ్గర పల్లెటూరు. నాన్నకి టిఫిన్ బండి ఉంది. అమ్మ తెల్లవారుజామున మూడింటికే లేచి పిండి, చట్నీలు చూసుకుంటుంది. నా చదువు ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద నడుస్తోంది. హాస్టల్, మెస్ డబ్బులు మాత్రం నాన్నే పంపాలి.

మా రూమ్‌లో నలుగురం. మిగతా ముగ్గురూ ఉన్నవాళ్ల పిల్లలు. ఫస్ట్ ఇయర్‌లో నేను ఎవరి జోలికీ పోకుండా చదువుకునేదాన్ని. తర్వాత ఇన్‌స్టా మొదలైంది. బీచ్ రోడ్డు కేఫ్‌లు, లంబసింగి ట్రిప్పు, బర్త్‌డే పార్టీలు అన్నీ స్టోరీల్లో పెట్టేవాళ్లు. నేనూ పెట్టడం మొదలుపెట్టాను. వాళ్ల డ్రెస్సులు అడిగి వేసుకుని ఫోటోలు దిగేదాన్ని. ఫిల్టర్ లేకుండా నా ఫోటో నేనే చూసుకోలేను, నా రంగు తక్కువ. ఇంట్లో చెప్పకుండా ఈఎంఐ మీద ఖరీదైన ఫోన్ కొన్నాను. నెలకి 2,900, ఇంకా తొమ్మిది నెలలు కట్టాలి. ఒక ఫ్రెండ్ దగ్గర 14,000 అప్పు ఉంది. ఇప్పుడు అందరూ వంజంగి వెళ్దామంటున్నారు. లోన్ యాప్‌లో తీసుకుందామా అని చూస్తున్నాను.

రాత్రి రెండింటి వరకు ఫోన్ చూస్తాను. ఎవరెవరు ఎక్కడున్నారు, సీనియర్లకి ఎంత ప్యాకేజీ వచ్చింది, అదే పని. రెండు సబ్జెక్టులు బ్యాక్‌లాగ్ పడ్డాయి. మా రూమ్మేట్ ఒకమ్మాయి రాత్రిళ్లు బాత్రూమ్‌లో ఏడుస్తుంది, పొద్దున్నే నవ్వుతూ స్టోరీ పెడుతుంది. ఆమెకేం కష్టమని నాకు కోపం వస్తుంది. నేను అంత చెడ్డదాన్నా?

అసలు చెప్పాల్సింది ఇది. గత నెల నాన్న చెప్పకుండా హాస్టల్‌కి వచ్చాడు. బండి దగ్గర వేసుకునే చొక్కాతోనే వచ్చాడు, చేతిలో జంతికల డబ్బా. నా పక్కన రూమ్మేట్స్ ఉన్నారు. ఎవరని అడిగితే ‘మా ఊరతను, అమ్మ పంపించింది’ అనేశాను. నాన్న విన్నాడు. ఏమీ అనలేదు. డబ్బా ఇచ్చి వెళ్లిపోయాడు. బస్సెక్కాక ఫోన్ చేసి, ‘మూత గట్టిగా పెట్టమ్మా, మెత్తబడిపోతాయి’ అన్నాడు. ఆ రోజు నుంచి నాకు అన్నం సహించడం లేదు. నా బతుకు పైన పటారం లోన లొటారం అయిపోయింది. నేను లేకపోతేనే అందరికీ బాగుంటుందేమో అనిపిస్తోంది. అకౌంట్ డిలీట్ చేసేస్తే ఇదంతా పోతుందా?

(పేరు వద్దు)

సమాధానం:

అమ్మాయీ, ముందు నీ ఉత్తరంలో చివరి నుంచి రెండో వాక్యం గురించి మాట్లాడతాను. మిగతావన్నీ ఆ తర్వాత. ‘నేను లేకపోతేనే బాగుంటుంది’ అనే ఆలోచన వచ్చిందని రాశావు. అది ఒక్కసారి వచ్చి పోయిందా, రోజూ వస్తోందా, ఏదైనా చేసుకోవాలని కూడా అనిపిస్తోందా, నువ్వు రాయలేదు. ఏదైనా సరే, దాన్ని ఒక్కదానివే మోయకూడదు. 14416కి ఫోన్ చెయ్యి. అది టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన ఉచిత సేవ. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. రాత్రి రెండింటికి ఫోన్ పట్టుకుని మేలుకునే ఉంటున్నావు కదా, ఆ టైమ్‌లోనైనా చెయ్యవచ్చు. ఏదైనా చేసుకోవాలనిపించిన క్షణంలో మాత్రం గదిలో ఒంటరిగా ఉండకు. వార్డెన్‌నైనా సరే, పక్క గది అమ్మాయినైనా సరే, నిద్ర లేపి ‘నాకు బాగాలేదు, నా దగ్గర ఉండండి’ అని చెప్పు.

రెండు వారాలకు మించి మనసు దిగులుగా ఉండి, తిండి సహించక, నిద్ర పట్టక, ఇష్టమైన పని మీద కూడా ఆసక్తి పోతే డాక్టర్లు దాన్ని డిప్రెషన్‌గా అనుమానిస్తారు. నాన్న వచ్చి వెళ్లి నెలైంది, అప్పటి నుంచి అన్నం సహించడం లేదంటున్నావు. కాబట్టి ఈ వారంలోనే ఒకసారి డాక్టరుకి చూపించుకో. నువ్వున్న ఊళ్లోనే, చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ పేరు వినగానే చాలామంది జంకుతారు. జంకాల్సిన పనిలేదు. నీలాంటి పిల్లలు ఎంతోమంది ఓపీలో చూపించుకుని సాయంత్రానికి హాస్టల్‌కి వచ్చేస్తారు. మీ కాలేజీలో కౌన్సెలర్ ఉన్నారేమో కూడా అడుగు. 2025 జూలై 25న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. మీ విశాఖలోనే నీట్‌కి చదువుతున్న ఒక అమ్మాయి మృతి కేసులో వచ్చిన తీర్పు అది. వంద, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత ఉన్న కౌన్సెలర్‌ని కనీసం ఒకరినైనా పెట్టుకోవాలని అందులో ఉంది. అందుకే మొహమాటపడకుండా అడుగు.

ఇప్పుడు నువ్వడిగిన మాట. నువ్వు చెడ్డదానివి కాదు. బాత్రూమ్‌లో ఏడ్చే అమ్మాయి మీద నీకు కోపం ఎందుకొస్తోందో కొంచెం ఆగి చూడు. పొద్దున స్టోరీలో కనిపించే ఆమెని నువ్వు నమ్మావు, రాత్రి ఏడుపు వినిపించిన ఆమెని నమ్మలేకపోతున్నావు. ఇది నీ ఒక్కదాని లోపం కాదు. అలెగ్జాండర్ జోర్డాన్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు అమెరికా విద్యార్థుల మీద చేసిన పరిశోధన 2011లో వచ్చింది. తోటి విద్యార్థులు ఎంత తరచుగా బాధపడతారో అంచనా వేయమంటే, ఎక్కువమంది అసలు కన్నా బాగా తక్కువ చెప్పారు. కారణం తేలికే. మనుషులు సంతోషాన్ని నలుగురిలో పంచుకుంటారు, ఏడుపు తలుపేసుకుని ఏడుస్తారు. ఎదుటివాళ్ల బాధని అలా తక్కువగా లెక్కేసినవాళ్లే ఎక్కువ ఒంటరితనంతో ఉన్నట్టు కూడా ఆ పరిశోధనలో తేలింది. ఆ తలుపు అవతలి ఏడుపు నువ్వు చెవులారా విన్నావు, అయినా ఫోటోనే నమ్మావు. అలాంటప్పుడు వినే అవకాశం కూడా లేని వందలమంది పరిచయస్తుల విషయంలో నీ అంచనా ఎంత తప్పుతుందో ఆలోచించు.

ఇంకో సంగతి, దీన్ని నిన్ను నొప్పించడానికి చెప్పడం లేదు. నీ స్టోరీలు చూసేవాళ్లలో మీ ఊరి హైస్కూల్లో నీతో చదివిన అమ్మాయిలు ఉండే ఉంటారు. పార్వతీపురంలో డిగ్రీ చదువుతూనో, పదో తరగతితో ఆగిపోయి ఇంట్లోనో ఉన్నవాళ్లు. నువ్వు అరువు డ్రెస్సుతో బీచ్ రోడ్డు మీద దిగిన ఫోటో చూసి, ‘దాని అదృష్టం చూడు’ అనుకుంటూ వాళ్లలో ఎవరో ఒకరు రాత్రి మేలుకుని ఉండవచ్చు. ఆ డ్రెస్సు ఎవరిదో, ఆ ఫోన్ ఈఎంఐ ఎంతో వాళ్లకి తెలియదు. నువ్వు నీ రూమ్మేట్స్‌ని చూసినట్టే వాళ్లు నిన్ను చూస్తున్నారు. మీ అందరినీ కలిపి ఒక గదిలో కూర్చోబెట్టి ఒక్కొక్కరి ఖాతాలో ఎంతుందో, ఎవరు ఎందుకు ఏడ్చారో చెప్పించగలిగితే సగం భారం అక్కడే దిగిపోతుంది.

ఈ పోలిక రోగం ఫోన్‌తో పుట్టిందని నేను అనను. పెద్దలే మీకు నేర్పారు. పరీక్షల రిజల్ట్స్ వచ్చిన మర్నాడు పేపర్లో నిండు పేజీ ర్యాంకుల ఫోటోలు, రోడ్డు మలుపుల్లో హోర్డింగులు, ‘వాళ్లమ్మాయికి అంతొచ్చింది, నీకెంత’ అని చుట్టాల ఫోన్లు. ఆరో తరగతి నుంచి మీ విలువని ఒక అంకె పక్కన పెట్టి చూపించడం అలవాటు చేశారు. కాలేజీకొచ్చాక అంకె మారింది, అంతే. ర్యాంకు పోయి లైకులు వచ్చాయి, తర్వాత ప్యాకేజీ వస్తుంది. మనిషి తన స్థితిని తోటివాళ్లతో పోల్చుకునే అంచనా వేసుకుంటాడని లియోన్ ఫెస్టింగర్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1954లోనే చెప్పాడు. అప్పటికి ఏ యాప్‌లూ లేవు. కానీ అప్పట్లో పోల్చుకోవడానికి వీధిలో పదిళ్లు, క్లాసులో నలభైమంది. ఇంటికొచ్చి తలుపేసుకుంటే అది ఆగేది. ఇప్పుడు అది దుప్పట్లోకి కూడా వస్తోంది. పైగా ఎక్కువ తిరిగేవాళ్లు, ఎక్కువ ఖర్చుపెట్టేవాళ్లే ఎక్కువ పెడతారు. గదిలో కూర్చుని చదువుకున్న సాయంత్రాన్ని ఎవరూ స్టోరీ పెట్టరు. అందుకే నీ ఫోన్లో చూస్తే ప్రపంచమంతా వంజంగి కొండ మీద మబ్బుల్లో తేలుతున్నట్టు ఉంటుంది, నువ్వొక్కదానివే హాస్టల్‌లో మిగిలిపోయినట్టు ఉంటుంది. నిజానికి ఆ రాత్రి మీ హాస్టల్లో ఎన్ని గదుల్లో లైట్లు వెలుగుతున్నాయో వరండాలోకి వెళ్లి చూడు.

అలాగని ఫోన్‌ది ఏ తప్పూ లేదని కూడా అనను. ఫేస్‌బుక్ 2004లో ముందు హార్వర్డ్ యూనివర్సిటీ పిల్లలకి మాత్రమే వచ్చింది. తర్వాత ఒక్కో కాలేజీకి, ఒక్కో సమయంలో వెళ్లింది. ఈ తేడాని పట్టుకుని ముగ్గురు ఆర్థికశాస్త్రవేత్తలు 775 అమెరికన్ కాలేజీల్లో, అది రాకముందూ వచ్చాకా విద్యార్థుల మానసిక ఆరోగ్యం ఎలా ఉందో పోల్చి చూశారు. 2022లో అచ్చయింది. ఫేస్‌బుక్ వచ్చిన కాలేజీల్లో డిప్రెషన్, ఆందోళన పెరిగాయి. మనసు బాగాలేక చదువు దెబ్బతిందని చెప్పినవాళ్లూ పెరిగారు. ముఖ్య కారణం తోటివాళ్లతో పోల్చుకోవడమేనని వాళ్లు తేల్చారు. ఆ దెబ్బ అందరికీ ఒకేలా తగల్లేదు. క్యాంపస్ సందడికి దూరంగా ఉండేవాళ్లకి, డబ్బుకి ఇబ్బందిపడే పిల్లలకి ఎక్కువ తగిలింది. అది చదివినప్పుడు నాకు నీలాంటి పిల్లలే గుర్తొచ్చారు. ఉన్నవాళ్ల మధ్య లేనివాళ్లుగా చదువుకోవడం ఎప్పుడూ కష్టమే. ఆ తేడాని రోజుకి వందసార్లు కళ్లముందు పెట్టే వస్తువు చేతిలో ఉంటే ఇంకా కష్టం.

ఇంకోవైపు కూడా చెప్పాలి, లేకపోతే నీకు సగం నిజమే చెప్పినట్టవుతుంది. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు ఆమీ ఓర్బెన్, ఆండ్రూ షిబిల్స్కీ 2019లో లక్షల మంది టీనేజర్ల సమాచారం మొత్తం చూసి, స్క్రీన్ వాడకానికీ మనసు కుదురుకీ సంబంధం సగటున చాలా చిన్నదని చెప్పారు. నాకు తెలిసినంతలో ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేయవు. సగటు చిన్నదే. నువ్వు సగటు కాదు. ఇప్పుడు నువ్వున్న పరిస్థితిలో, ఇంత అప్పుతో, ఇంత అపరాధభావంతో, అర్ధరాత్రి రెండింటి దాకా చూస్తుంటే అది నీకు హాని చేస్తోంది. నీకు ఆ మాట చాలు.

అకౌంట్ డిలీట్ చేస్తే ఇదంతా పోతుందా అని అడిగావు. పోదు. చేయవద్దని అనడం లేదు, కొన్నాళ్లు యాప్ తీసేస్తే మేలే. కానీ నిన్ను తినేస్తున్నది ఎదుటివాళ్ల ఫోటోలు మాత్రమే కాదు. నీ ఉత్తరం రెండు మూడుసార్లు చదివాను. వాళ్ల గొప్పల గురించి రాసిన చోట నీకు దిగులుంది. నీ సంగతులు దాచిన చోట మాత్రం భయముంది. ఫోన్ ఈఎంఐ ఇంట్లో తెలియకూడదు. అప్పు రూమ్మేట్స్‌కి తెలియకూడదు. టిఫిన్ బండి ఎవరికీ తెలియకూడదు. అసలు రంగు ఫోటోలో పడకూడదు. ఇన్నింటికి కాపలా కాస్తూ మనిషి ఎలా చదవగలడు, ఎలా నిద్రపోగలడు? బిల్డప్ చూసేవాళ్లకి ఒక బాధైతే, ఇచ్చేవాళ్లకి ఇంకో బాధ. ఎంత నమ్మించగలిగితే అంత భయం పెరుగుతుంది. ఆ గేటు దగ్గర నువ్వు ఆ మాట అన్నది నాన్న మీద ప్రేమ లేక కాదు. రెండేళ్లుగా కట్టుకున్నదంతా ఒక్క చొక్కాతో కూలిపోతుందని భయపడి అన్నావు.

ఆ భయం నాకు అర్థమైంది. అయినా అది ఆయన విన్నారు. కాబట్టి క్షమాపణ చెప్పాలి, త్వరగా చెప్పాలి.

ఎలా చెప్పాలో కూడా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ తప్పుదారి ఒకటి చాలా దగ్గర్లో ఉంది. నాన్న ఫోటో స్టేటస్ పెట్టి, కింద ‘మై హీరో’ అని రాసి, నాలుగు లవ్ సింబల్స్ పెట్టడం. దయచేసి ఆ పని చెయ్యకు. ఆయన్ని దాచింది నలుగురికి చూపించుకోవడం కోసం, మళ్లీ నలుగురికి చూపించుకోవడం కోసమే ఆయన్ని బయటకు తీసినట్టవుతుంది. వాట్సాప్ మెసేజ్ కూడా వద్దు. శనివారం బస్సెక్కి ఇంటికి వెళ్లు. కాంప్లెక్స్ నుంచి బయల్దేరితే సాయంత్రానికి ఊళ్లో ఉంటావు. ఆదివారం తెల్లవారి అమ్మ లేచినప్పుడే నువ్వూ లే. చట్నీకి కొబ్బరి తురిమి, బండి దగ్గరికి నాన్నతో నడువు. జనం పల్చబడ్డాక పక్కన నిలబడి చెప్పు. పెద్ద మాటలేం అక్కర్లేదు. ‘నాన్నా, ఆ రోజు నిన్ను మా ఊరతను అన్నాను. నువ్వు విన్నావని నాకు తెలుసు. తప్పు చేశాను. సిగ్గుపడింది నిన్ను చూసి కాదు, అబద్ధాలు చెప్పి బతుకుతున్నాను, అది బయటపడుతుందని భయపడ్డాను.’ ఇంతే. మధ్యలో ఏడుపొస్తే రానివ్వు.

ఆయన ‘పోనీలేమ్మా’ అంటారు. మన నాన్నలు చాలామంది అదే అంటారు. అనేసి గిన్నెలు సర్దుకోవడం మొదలుపెడతారు. అక్కడితో అయిపోయిందని నువ్వు వచ్చేయకు. ఆ ‘పోనీలే’ వెనక ఆయన రాత్రిళ్లు ఏమనుకున్నారో నీకూ నాకూ తెలియదు. తన చొక్కా వల్లే కూతురికి తలవంపులొచ్చిందని, ఇక హాస్టల్‌కి వెళ్లకూడదని నిర్ణయించుకుని ఉండవచ్చు. అందుకే అడుగు: ‘మళ్లీ ఎప్పుడొస్తావు?’ ఆయన వచ్చిన రోజు గేటు దగ్గర ఆపేయకు, విజిటర్స్ ఉండే చోట కూర్చోబెట్టు, రూమ్మేట్స్‌ని కిందికి పిలువు. ‘మా నాన్న. పార్వతీపురం దగ్గర టిఫిన్ బండి నడుపుతాడు’ అని చెప్పు. గొంతు వణికితే వణకనివ్వు. ఒకరిద్దరు వెనక నవ్వుకోవచ్చు. అలా నవ్వేవాళ్లు ఉంటే వాళ్ల కోసం నువ్వు ఇన్నాళ్లూ నెలకి 2,900 కడుతున్నావని తెలుస్తుంది. నా అంచనా మాత్రం వేరు. ఎక్కువమంది పిల్లలు జంతికల డబ్బా గురించే అడుగుతారు.

అదే రోజు అప్పు సంగతి కూడా ఇంట్లో చెప్పు. ఇది క్షమాపణ కన్నా కష్టంగా ఉంటుంది. అమ్మకి కోపం రావచ్చు, వచ్చే హక్కు ఆమెకుంది. ఆమె మూడింటికి లేస్తున్నది నీ మెస్ డబ్బుల కోసం. తిడితే విను. ఎదురు చెప్పకు. కానీ లెక్క కాగితం మీద రాసుకుని వెళ్లు. మిగిలిన ఈఎంఐ తొమ్మిది నెలలకి 26,100, ఫ్రెండ్‌కి 14,000, మొత్తం 40,100. ఆ ఫోన్ ఇప్పుడు అమ్మితే ఎంతొస్తుందో ముందే రెండు షాపుల్లో కనుక్కో. ఈఎంఐ ఇచ్చిన కంపెనీకి ఫోన్ చేసి, మొత్తం ఒకేసారి కట్టేస్తే ఎంత, అదనపు చార్జీ ఎంత అని అడుగు. ఫోన్ అమ్మిన డబ్బుతో లోన్ తీరిపోతుందంటే ఈ నెలలోనే తీర్చేసి, పదివేల లోపు ఫోన్ ఒకటి చూసుకో. క్లాసులకీ ఇంటికి వీడియో కాల్‌కీ అది సరిపోతుంది. ఫ్రెండ్‌కి నెలకి ఇంతని చెప్పి, చెప్పిన తేదీకి ఇవ్వు.

లోన్ యాప్ మాట మాత్రం మర్చిపో. వంజంగికి కూడా ఈసారి వద్దు. 2020 చివర్లో తెలంగాణలో ఇలాంటి యాప్‌ల వేధింపులు భరించలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. వాళ్లలో చిన్న వయసువాళ్లు కూడా ఉన్నారు. రిజర్వ్ బ్యాంకు 2022లో డిజిటల్ అప్పులకి నిబంధనలు పెట్టింది. అప్పు ఇచ్చే యాప్ నీ కాంటాక్టులు, ఫోటోల జోలికి పోకూడదని అందులో ఉంది. అయినా నిబంధనలేవీ పట్టని దొంగ యాప్‌లు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. ఒకవేళ ఇప్పటికే దేన్నైనా డౌన్‌లోడ్ చేసి పర్మిషన్లు ఇచ్చేసి, బెదిరింపులు మొదలైతే, ఎవరికీ చెప్పకుండా కట్టుకుంటూ పోకు. 1930కి ఫోన్ చెయ్యి, అది సైబర్ నేరాల హెల్ప్‌లైన్. ట్రిప్పుకి రావడం లేదని రూమ్మేట్స్‌కి చెప్పడానికి జ్వరం, పరీక్ష లాంటి కథలు అల్లకు. ‘నా దగ్గర డబ్బుల్లేవు, మీరు వెళ్లి రండి’ అని చెప్పు. మొదటిసారి ఈ మాట నోట్లోంచి రావడానికి చాలా కష్టపడతావు. రెండోసారికి తేలికవుతుంది.

బాత్రూమ్‌లో ఏడ్చే అమ్మాయి సంగతి. కుదిరితే ముందు ఆమెకి నిజం చెప్పు. నలుగురిలో కాదు, ఇద్దరే ఉన్నప్పుడు. ‘నువ్వు ఏడుస్తుంటే చాలాసార్లు విన్నాను, అడగలేదు. నాకూ బాగాలేదు’ అని మొదలుపెట్టు. ఆమెకేం కష్టమో నాకు తెలియదు, నీకూ తెలియదు. డబ్బున్న ఇళ్లలో కూడా పిల్లలు నలిగిపోయే సంగతులు ఉంటాయి. ఆమె చెప్పకపోవచ్చు కూడా. అయినా ఆ గదిలో నటించకుండా ఉండగలిగే మనిషి నీకొకరు దొరికే అవకాశం ఉంది, ఆమెకీ అంతే.

ఇక ఫోన్ వాడకం. అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీలో 143 మంది విద్యార్థులతో చేసిన ఒక ప్రయోగం 2018లో అచ్చయింది. సగంమందిని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ ఒక్కోటి రోజుకి పది నిమిషాలు మాత్రమే చూడమన్నారు. మూడు వారాలయ్యేసరికి వాళ్లలో ఒంటరితనం, దిగులు తగ్గాయి. మొదట్లో ఎక్కువ దిగులున్న వాళ్లకే ఎక్కువ మేలు జరిగింది. పూర్తిగా మానేయమనలేదు, తగ్గించమన్నారంతే. నువ్వూ మూడు వారాలు చేసి చూడు. రాత్రి పదకొండుకి ఫోన్ మంచానికి దూరంగా, లేచి నడిస్తే తప్ప అందని చోట చార్జింగ్ పెట్టు. అలారం కోసం చవక గడియారం కొనుక్కో. ఎవరి స్టోరీలు చూస్తే నీ గుండె బరువెక్కుతుందో వాళ్లని మ్యూట్ చెయ్యి. వాళ్లకి తెలియదు, స్నేహం చెడదు. లైకుల అంకె కనిపించకుండా దాచుకునే సౌకర్యం ఇన్‌స్టాలో 2021 నుంచీ ఉంది, సెట్టింగ్స్‌లో ఉంటుంది, వాడుకో. నువ్వు ఏమైనా పెట్టాలనుకుంటే, పెట్టబోయే ముందు ఒకటే చూసుకో: ఇందులో నేను దాస్తున్నది ఏదైనా ఉందా? ఉంటే పెట్టకు.

రంగు గురించి రాశావు. దాని మీద ఎక్కువ చెప్పను. ఇన్‌స్టాగ్రామ్ సొంత కంపెనీ చేయించుకున్న పరిశోధన 2021లో బయటపడింది. తమ శరీరం మీద అసంతృప్తి ఉన్న టీనేజి అమ్మాయిల్లో 32 శాతం మంది, ఇన్‌స్టా చూస్తే అది ఇంకా పెరుగుతోందని వాళ్లతోనే చెప్పారు. కాబట్టి అద్దంలో నీకు కనిపిస్తున్న లోపంలో కొంత ఆ యాప్ పెట్టినదే. నెల రోజులు ఫిల్టర్ ముట్టుకోకు. మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది.

సీనియర్ల ప్యాకేజీల గురించి ఒక మాట. లింక్డ్‌ఇన్‌లో ఆఫర్ లెటర్ పట్టుకున్న ఫోటోలు చూసి నిద్ర పాడుచేసుకుంటున్నావు. 2022లో పాసైన బ్యాచ్‌లో, పెద్ద ఐటీ కంపెనీల ఆఫర్ చేతిలో పెట్టుకుని, చేరమనే కబురు కోసం రెండేళ్ల వరకూ ఎదురుచూసిన పిల్లలున్నారు. ఆఫర్ వచ్చిన రోజు పోస్టు అందరికీ కనిపించింది. ఆ రెండేళ్లూ చుట్టాలకి ఏం చెప్పాలో తెలియక ఇంట్లో కూర్చున్న సంగతి ఎవరూ పోస్టు చెయ్యలేదు. ఉద్యోగం గురించి నిజంగా తెలుసుకోవాలంటే ఒక సీనియర్‌ని నేరుగా అడుగు: ఎన్ని ఇంటర్వ్యూల్లో పోయింది, ఏం చదివావు, ఏది పనికొచ్చింది. ఇలా అడిగితే చాలామంది ఓపిగ్గా చెబుతారు. వాళ్లకీ ఎవరో అడగాలనే ఉంటుంది.

ఈ శీర్షిక చదివే తల్లిదండ్రులకి కూడా ఇక్కడే చెప్పాలి. పిల్లల మార్కుల మెమో, ర్యాంకు కార్డు ఫ్యామిలీ గ్రూపుల్లో, స్టేటస్‌లో పెట్టే ముందు ఆ పిల్లని ఒక్కసారి అడగండి. వచ్చే ఏడాది మార్కులు తగ్గితే ఆ గ్రూపులో మీరు ఏం పెట్టరో వాళ్లకి ముందే తెలుసు. ఆ భయంతోనే పరీక్ష హాల్లోకి వెళ్తారు. హాస్టల్లో ఉన్న పిల్లలకి ఫోన్ చేసినప్పుడు చదువు, మార్కులు కాకుండా ‘ఈ వారం ఎవరితో కూర్చుని అన్నం తిన్నావు?’ అని అడగండి. జవాబు రావడం ఆలస్యమైతే బస్సెక్కి వెళ్లి చూడండి.

చివరిగా బ్యాక్‌లాగ్‌లు. రెండు సబ్జెక్టులు పోవడం పెద్ద ప్రమాదమేమీ కాదు, కానీ ప్లేస్‌మెంట్ డ్రైవ్‌లలో చాలా కంపెనీలు బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లని రానివ్వవు, కాబట్టి ఫోర్త్ ఇయర్‌లోకి మోసుకెళ్లకు. సప్లీ ఫీజు కట్టే చివరి తేదీ ఎగ్జామ్ బ్రాంచ్‌లో కనుక్కుని రాసిపెట్టుకో. ఏ సబ్జెక్టుల్లో పోయావో నువ్వు రాయలేదు. ఆ పేర్లు, అందులో నీకు అసలు అర్థం కాని చాప్టర్లు రాసి పంపు. కాలేజీలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని, ఎక్కడ మొదలుపెట్టాలో నేను చెబుతాను. అది రాసేటప్పుడు 14416కి ఫోన్ చేశావో లేదో, డాక్టర్ని కలిశావో లేదో కూడా తప్పకుండా రాయి.